విలీనం సరే, మన వాటా ఏది?

విలీనం అనే మాట చెవిన పడితే మన వాడల్లో జనానికి ముందు అనుమానం వస్తుంది. ఆ అనుమానం ఊరికే రాలేదు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117 వచ్చింది. చాలాచోట్ల వాడ పక్కనే ఉన్న ప్రాథమిక పాఠశాలలోంచి 3, 4, 5 తరగతులు తీసి హైస్కూల్లో కలిపారు. సబ్జెక్టు టీచర్లు దొరుకుతారు, చదువు బాగుపడుతుంది అన్నారు. కాయితం మీద చూస్తే మాట బాగానే ఉంది. కానీ మెయిన్ రోడ్డు దాటి, కాలవ గట్టెక్కి పోవాల్సింది ఎనిమిదేళ్ల పిల్ల. తెల్లారకముందే కూలికి పోయే తల్లి ఆ పిల్లను రోజూ దిగబెట్టి రాగలదా? బడిపంతుళ్లం గనక ఇదంతా దగ్గర్నుంచి చూశాం. 2025లో ఆ జీవో రద్దయింది. మధ్యలో బడి మానేసిన పిల్లల చదువును తిరిగి తెచ్చే జీవో మాత్రం ఎక్కడా రాలేదు.

లెక్కల పుస్తకంలో ఒకటీ ఒకటీ కలిస్తే రెండు. సర్కారు విలీనంలో ఒకటీ ఒకటీ కలిస్తే ఒకటే. తగ్గిన ఆ ఒకటి ఎవరిది? ఎక్కడ ఏది కలిపినా మనం అడగాల్సింది ఈ ప్రశ్నే. బడి అయినా, బ్యాంకు అయినా, ఆసుపత్రి అయినా, చివరికి డాక్టర్లను తయారు చేసే చదువు అయినా సరే.

ఈసారి ఆ డాక్టర్ల చదువు గురించే మాట్లాడదాం. అమెరికాలో ఫ్యామిలీ డాక్టర్లకు శిక్షణ ఇచ్చే రెండు వేర్వేరు పద్ధతులను 2020 నాటికి ఒక్కటి చేశారు. అమెరికా సంగతి మనకెందుకు అనుకోవద్దు. వాడకు డాక్టరు ఎందుకు రావడం లేదు అనే మన ప్రశ్నకు అక్కడి కథలో సగం జవాబు ఉంది.

ఫ్యామిలీ డాక్టరు అంటే ఎవరు?

ముందు చదువు సంగతి తెలుసుకుందాం. ఎం.బి.బి.ఎస్. పూర్తయ్యాక ఆసుపత్రిలోనే ఉండి, పగలూ రాత్రీ పెద్ద డాక్టర్ల కింద పనిచేస్తూ నేర్చుకునే మూడేళ్ల కాలాన్ని మనం పీజీ అంటాం. అమెరికాలో రెసిడెన్సీ అంటారు. ఆసుపత్రిలోనే నివాసం ఉండి నేర్చుకునేవాళ్లు గనక ఆ పేరు వచ్చింది. గుండె డాక్టరు గుండె చూస్తాడు, ఎముకల డాక్టరు ఎముకలు చూస్తాడు. ఫ్యామిలీ డాక్టరు మాత్రం మనిషిని మొత్తంగా చూస్తాడు. కడుపుతో ఉన్న కోడల్ని, విరేచనాలైన పసిబిడ్డని, షుగరున్న మామని, దగ్గుతో నెల్లాళ్లుగా పడుకున్న తాతని ఒకే డాక్టరు చూస్తాడు. కొడవలి తెగితే కుట్లు వేస్తాడు. ఎవర్ని పెద్దాసుపత్రికి పంపాలో, ఎవర్ని పంపి అప్పులపాలు చెయ్యకూడదో తెలిసినవాడు. ఆ ఇంట్లో తిండి ఎంత, తాగుడు ఎంత, అప్పు ఎంత అనేది కూడా తెలిసి మందు రాస్తాడు.

ఇది సగం చదువు కాదు. ఇదీ పీజీయే. అమెరికాలో మూడేళ్లు చదివితేగాని ఫ్యామిలీ డాక్టరు అనిపించుకోరు. ఆ మూడేళ్లూ ఒక్కో శిక్షణ డాక్టరుకు కొన్ని కుటుంబాలను అప్పజెప్తారు. వాళ్లనే మళ్లీ మళ్లీ చూడాలి. రోగం పేరు తెలిస్తే చాలదు, రోగి పేరు తెలియాలి అనేది ఆ చదువులో మొదటి పాఠం.

రెండు కులాల డాక్టర్లు

అమెరికాలో డాక్టర్లది రెండు రకాల పట్టా. ఒకటి ఎం.డి. రెండోది డి.ఓ. ఈ రెండోదాని పేరు ఆస్టియోపతి. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టరు 1892లో మిస్సోరి రాష్ట్రంలోని కర్క్స్‌విల్ అనే చిన్న ఊళ్లో దీనికి మొదటి కాలేజీ పెట్టాడు. ఒళ్లూ ఎముకలూ చేత్తో పట్టి సరిచేసే విద్యతో మొదలైంది. కాలం గడిచే కొద్దీ మందులు, ఆపరేషన్లు అన్నీ కలుపుకుని పూర్తి డాక్టరు చదువయింది. అయినా ఎం.డి.లు వాళ్లను దగ్గరికి రానియ్యలేదు. డి.ఓ.లతో కలిసి వృత్తి చెయ్యడమే అనైతికమని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1961 వరకూ నియమం పెట్టుకుంది. పెద్దాసుపత్రి గడప ఎక్కనివ్వకపోతే డి.ఓ.లు ఏం చేశారు? సొంత ఆసుపత్రులు కట్టుకున్నారు. సొంత కాలేజీలు, సొంత రెసిడెన్సీలు పెట్టుకున్నారు. వాళ్లలో ఫ్యామిలీ డాక్టర్లయ్యేవాళ్ల పాలు మొదట్నుంచీ ఎక్కువ. చిన్న పట్నాలకు, పల్లెలకు పోయేవాళ్లూ ఎక్కువే.

ఒక మాట చెప్పాలి. డి.ఓ.లు దళితులు కారు. ఎక్కువమంది తెల్లవాళ్లే. వాళ్లు పడ్డదాన్ని మనం పడ్డదానితో సమానం చెయ్యడం లేదు. కానీ ఊరబావి దగ్గరికి రానియ్యకపోతే సొంత బావి తవ్వుకున్నవాళ్ల తెలివి మనకు అర్థమవుతుంది. ఆ బావిని తర్వాత ఊరబావిలో కలిపేస్తామంటే వచ్చే ప్రశ్నలూ మనకే బాగా అర్థమవుతాయి.

65 డాలర్ల పట్టా

ఈ రెండింటినీ కలపడం మొదట జరిగింది 1961, 62ల్లో కాలిఫోర్నియాలో. అక్కడి డి.ఓ.ల సంఘం ఎం.డి.ల సంఘంలో కలిసిపోయింది. వాళ్ల కాలేజీ ఎం.డి. కాలేజీగా మారింది. 65 డాలర్లు కట్టి, డి.ఓ. పేరు వదులుకుంటే ఎం.డి. పట్టా ఇచ్చారు. రెండు వేల మందికి పైగా తీసుకున్నారు. నిన్నటిదాకా పనికిరాదన్న చదువు 65 డాలర్లకే ఎట్లా పనికొచ్చింది? చదువు మారలేదు, చెయ్యి మారలేదు, మారింది పేరొక్కటే. అంటే ఇన్నాళ్ల అభ్యంతరం పేరు మీదే అన్నమాట. మనకు తెలియని ముచ్చటా ఇది?

అక్కడితో ఆగలేదు. కొత్తగా డి.ఓ.లకు లైసెన్సు ఇవ్వకూడదని 1962లో ఓటింగు పెట్టి చట్టం చేశారు. కలిసినవాళ్లు లోపలికి పోయారు, వెనక వచ్చే పిల్లలకు తలుపు మూసేశారు. పన్నెండేళ్లు పోరాడితే 1974లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు తలుపు తెరిపించింది.

ఇక్కడ మనకు 1932 గుర్తుకు రావాలి. బాబాసాహెబ్ వాదించి తెచ్చుకున్న ప్రత్యేక నియోజకవర్గాలను గాంధీ నిరాహారదీక్ష పట్టి ఆపించాడు. ఆ సెప్టెంబరు 24న పూనా ఒప్పందం కుదిరింది. సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి. కానీ మన మనిషిని ఎన్నుకునే ఆఖరి ఓటు మన చేతిలోంచి ఊరి చేతిలోకి పోయింది. సీట్ల సంఖ్య ఒకటి, తాళంచెవి ఒకటి. కలిపేటప్పుడు సంఖ్య చూపించి తాళంచెవి తీసుకుంటారు. అంబేద్కర్ ఆ తర్వాత బతికినంత కాలం ఈ సంగతే చెప్పాడు.

2014 నుంచి 2020 దాకా

రెండో విలీనం మన కళ్ల ముందటిది. 2014 ఫిబ్రవరిలో రెండు పక్షాలూ ఒప్పందం చేసుకున్నాయి. ఇక మీదట అన్ని రెసిడెన్సీలకూ గుర్తింపు ఇచ్చే సంస్థ ఒకటే, దాని పేరు ఏ.సి.జి.ఎం.ఇ. డి.ఓ.ల రెసిడెన్సీలన్నీ 2015 జులై నుంచి 2020 జూన్ లోపల దాని గుర్తింపు తెచ్చుకోవాలి. తెచ్చుకోలేనివి మూతపడాలి. 2020 జూన్ 30తో డి.ఓ.ల సంఘానికి రెసిడెన్సీలను గుర్తించే అధికారం ముగిసింది. సీట్లు పంచే పద్ధతి కూడా రెండు పోయి ఒకటయింది.

ఇందులో లాభం లేదని మేం అనడం లేదు. ఉంది. డి.ఓ. చదివిన పిల్లకు దేశంలో ఏ రెసిడెన్సీకైనా ఒకే పద్ధతిలో దరఖాస్తు పెట్టుకునే వీలు కలిగింది. నీది ఏ రకం శిక్షణ అని ఆరా తీసే మాట తగ్గింది. ఈసారి డి.ఓ.లు 65 డాలర్ల పొరపాటు మళ్లీ చెయ్యలేదు. కాలేజీలు తమవిగానే ఉంచుకున్నారు. పట్టా పేరు వదల్లేదు. లైసెన్సు పరీక్ష వదల్లేదు. గుర్తింపు సంస్థ పాలకమండలికి తమ ప్రతినిధుల్ని పంపే హక్కు రాయించుకున్నారు. తమ విద్యను నేర్పే రెసిడెన్సీలకు ప్రత్యేక గుర్తింపు పెట్టించుకున్నారు. దీన్నే వాటా అంటారు. దండం పెట్టి లోపలికి పోవడం వేరు, దస్తావేజు రాయించుకుని పోవడం వేరు.

మరి నష్టం ఎవరికి? చిన్నచోట్లకు. గుర్తింపు కావాలంటే ఇంతమంది బోధకులు ఉండాలి, ఇన్ని రకాల రోగులు రావాలి, పరిశోధన పత్రాలు ఉండాలి, దరఖాస్తు నింపే గుమాస్తాలు ఉండాలి. పెద్ద నగరంలో వెయ్యి పడకల ఆసుపత్రికి ఇవన్నీ లెక్కలోకి రావు. చిన్న పట్నంలో వంద పడకల ఆసుపత్రికి ఇవి కొండంత. ఎక్కువ రెసిడెన్సీలు గట్టెక్కాయి. కొన్ని గట్టెక్కలేక మూతపడ్డాయి. డాక్టరు సాధారణంగా ఎక్కడ శిక్షణ పొందుతాడో ఆ చుట్టుపక్కలే స్థిరపడతాడు. చిన్న ఊళ్లో శిక్షణ మూతపడితే పదేళ్ల తర్వాత ఆ చుట్టుపక్కల డాక్టరు ఉండడు. నష్టం ఈ ఏడు కనపడదు. కనపడేనాటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

నాణ్యత పేరుతో మూసిన తలుపులు

నాణ్యత పెంచుతున్నాం అనే మాట అమెరికాలో నల్లవాళ్లు అంతకుముందే విన్నారు. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అనే ఆయన దేశంలోని వైద్య కాలేజీలన్నీ తిరిగి నివేదిక రాశాడు. నాసిరకం కాలేజీలు మూసేయాలన్నాడు. నిజంగానే చాలా కాలేజీలు నాసిరకంవే, డబ్బు కోసం పెట్టినవే. కానీ నల్లవాళ్లకున్న ఏడు కాలేజీల్లో ఐదు ఆ తర్వాత మూతపడ్డాయి. మిగిలినవి హోవార్డ్, మెహారీ రెండే. తెల్లవాళ్ల కాలేజీ మూతపడితే ఇంకో తెల్లవాళ్ల కాలేజీ ఉంది. నల్ల పిల్లవాడికి మిగతా కాలేజీల తలుపులు చాలావరకు అప్పటికింకా తెరుచుకోలేదు. కొలబద్ద అందరికీ ఒకటే, దెబ్బ మాత్రం ఒకరికే.

ఆ ఐదు కాలేజీలు నడిచి ఉంటే 2019 నాటికి ఇంకో 35 వేల మందికి పైగా డాక్టర్లు అక్కణ్నుంచి వచ్చి ఉండేవాళ్లని 2020లో అచ్చయిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. నూరేళ్ల తర్వాత కూడా అమెరికా జనంలో నల్లవాళ్లు నూటికి 13 మంది ఉంటే, డాక్టర్లలో నూటికి ఐదారుగురే. నాసిరకం బడి ఉంటే బాగుచెయ్యాలి. మూసేసి, పిల్లల్ని బాగున్న బడిలోకి రానియ్యకపోతే దాన్ని నాణ్యత అనరు.

శిక్షణ సీటు అంటే ఎంత విలువైన ఆస్తో చెప్పడానికి ఇంకొక సంగతి. 2019లో ఫిలడెల్ఫియాలో హానిమన్ అనే పెద్దాసుపత్రి దివాలా తీసింది. శిక్షణలో ఉన్న 550 మందికి పైగా డాక్టర్లు రోడ్డున పడ్డారు. అప్పులవాళ్ల కోసం ఆ రెసిడెన్సీ సీట్లనే వేలం పెట్టారు. పాట 5 కోట్ల 50 లక్షల డాలర్ల దాకా పోయింది. కేంద్ర ప్రభుత్వం అడ్డం తిరిగితే గాని ఆ అమ్మకం ఆగలేదు. ప్రజల పన్నుతో నడిచే సీటును ప్రైవేటువాడు సంతలో గొడ్డులా అమ్మజూశాడు. మన దగ్గర మెడికల్ సీటు ఏ రేటు పలుకుతుందో తెలిసినవాళ్లకు ఇది వింతగా ఉండదు.

మంచి కలయిక కూడా ఉంది

కలపడం అంతా చెడ్డదే అని మేం చెప్పడం లేదు. పట్నాన్నీ పల్లెనూ కలిపిన రెసిడెన్సీ ఒకటి అదే దేశంలో ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలో స్పోకేన్ అనే నగరం, కోల్‌విల్ అనే చిన్న పట్నం. 1980ల మధ్యలో అక్కడ ఒక పద్ధతి మొదలుపెట్టారు. ఫ్యామిలీ డాక్టరు శిక్షణలో మొదటి ఏడాది నగరంలో పెద్దాసుపత్రిలో ఉండాలి. కాన్పులు, ఎమర్జెన్సీలు, పసిపిల్లల వార్డు అన్నీ అక్కడ నేర్చుకోవాలి. మిగతా రెండేళ్లు చిన్న పట్నంలోనే కాపురం పెట్టి, అక్కడి జనానికే వైద్యం చేస్తూ నేర్చుకోవాలి. ఆ తర్వాత ఈ పద్ధతి దేశంలో చాలాచోట్లకు పోయింది. 2010లో వచ్చిన ఆరోగ్య చట్టం కింద పేదల బస్తీ క్లినిక్కులకే డబ్బిచ్చి, అక్కడే రెసిడెన్సీ నడిపే పథకం కూడా పెట్టారు.

తేడా గమనించండి. ఇక్కడ పల్లెను తీసుకెళ్లి పట్నంలో కలపలేదు. పట్నం చదువును పల్లె దాకా తీసుకొచ్చారు.

మన దేశంలో జరిగిన విలీనం

ఇక మన దేశానికి వద్దాం. ఇక్కడ కూడా ఒక పెద్ద విలీనం జరిగింది. ఎల్లెంపీ డాక్టరు అనే మాట మన తాతల నోట వినే ఉంటారు. మెట్రిక్ తర్వాత నాలుగేళ్లు మెడికల్ స్కూల్లో చదివి లైసెన్సు తెచ్చుకున్న డాక్టర్లు వాళ్లు. 1943లో వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చేనాటికి దేశంలో రిజిస్టరైన డాక్టర్లు 47 వేల పైచిలుకు. అందులో దాదాపు 30 వేలు ఈ లైసెన్షియేట్లే. రెండు రకాల డాక్టర్లు వద్దు, దేశానికంతా ఒకే రకం డాక్టరు చాలు అని కమిటీ తేల్చింది. కొందరు సభ్యులు ఒప్పుకోలేదు, పల్లెకు చాలినంతమంది డాక్టర్లు వచ్చేదాకా ఆపొద్దని విడిగా రాశారు. చివరికి లైసెన్షియేట్ చదువు పోయింది. మెడికల్ స్కూళ్లు కాలేజీలయ్యాయి, లేదా మూతపడ్డాయి.

ఆశయం మంచిదే. పల్లె మనిషికీ పట్నం మనిషికీ ఒకే స్థాయి డాక్టరు ఉండాలనడం ధర్మమైన మాటే. ఆ ఎల్లెంపీలందరూ వాడలోకొచ్చి మన నాడి పట్టుకున్నారని కూడా మేం చెప్పడం లేదు. కానీ ఒకే స్థాయి డాక్టరును తయారు చేస్తామన్నవాళ్లు ఆ డాక్టరును పల్లెకు తెచ్చే దారి వెయ్యలేదు. కాలేజీ పట్నంలో పెట్టారు. ఫీజు పట్నపోడికి అందేటట్టు పెట్టారు. శిక్షణ అంతా పెద్దాసుపత్రిలోనే ఇచ్చారు. అట్లా తయారైన డాక్టరు పల్లెకు ఎందుకొస్తాడు?

ఖాళీగా ఉన్న చోటికి ఆరెంపీ వచ్చాడు. అర్ధరాత్రి జొరమొస్తే సైకిలేసుకుని, తర్వాత మోటారుసైకిలేసుకుని వాడలోకి వచ్చేది ఆయనే. అప్పుపెట్టి మందిచ్చేదీ ఆయనే. సూదిమందు, సెలైను అవసరం లేకపోయినా ఎక్కించేదీ ఆయనే. ఆయన్ని తిట్టడం తేలిక. ఆయన ఎందుకున్నాడో అడగడం కష్టం. 1946లో ఒకటీ ఒకటీ కలిపి ఒకటి చేసినప్పుడు తగ్గిన ఆ ఒకటి మన డాక్టరు.

పేరుంది, చదువు లేదు

ఫ్యామిలీ డాక్టరు చదువు మన దేశంలో లేకపోలేదు. నేషనల్ బోర్డు ఇచ్చే డి.ఎన్.బి. మూడేళ్లది ఉంది. కాలికట్ ప్రభుత్వ వైద్య కళాశాల లాంటి కొద్దిచోట్ల ఎం.డి. ఉంది. 2018లో మెడికల్ కౌన్సిల్ పీజీ డిప్లొమా సీట్లను ఎం.డి. సీట్లుగా మార్చుకోవచ్చని కాలేజీలకు దారిచ్చింది. దాంతో రెండేళ్ల డిప్లొమాలు తగ్గిపోయాయి. 2020లో మళ్లీ నేషనల్ బోర్డు ఎనిమిది శాఖల్లో రెండేళ్ల డిప్లొమా పెట్టింది, అందులో ఫ్యామిలీ మెడిసిన్ ఒకటి. ఎం.డి. ఒక దారి, డి.ఎన్.బి. ఒక దారి, డిప్లొమా ఇంకో దారి. మూడు దారులున్నా ఏ దారీ మన ఊరి పీహెచ్‌సీ దాకా రాదు. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో ఫ్యామిలీ మెడిసిన్ ఎం.డి.ని ప్రోత్సహించాలని రాసుకున్నారు. రాసుకున్నారు, అంతే.

2023 ఏప్రిల్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్యామిలీ డాక్టర్ అనే పేరుతోనే పథకం పెట్టింది. పీహెచ్‌సీ డాక్టరు నెలకు రెండుసార్లు 104 బండిలో ఊరికి రావాలన్నది ఏర్పాటు. డాక్టరు ఊరికి రావడం మంచిదే, కాదనం. మంచానున్న ముసలివాళ్ల ఇంటికి పోవాలన్నారు, అదీ మంచిదే. కానీ ఆ వచ్చింది ఎం.బి.బి.ఎస్. డాక్టరు, ఫ్యామిలీ మెడిసిన్ చదివిన డాక్టరు కాదు. అందులో చాలామంది పీజీ సీటు కోసం ఎదురుచూస్తూ ఉద్యోగం చేసేవాళ్లు. సీటు రాగానే పోతారు, తప్పు వాళ్లది కాదు. పోనక్కర లేకుండా, ఆ పనిలో ఉంటూనే పీజీ చేసే దారి వేసి ఉంటే ఎంతమంది నిలబడేవాళ్లు?

ఇప్పుడు ఏ శాఖలో పీజీ చేసినా మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచెయ్యాలన్న నియమం ఉంది. మూడేళ్లలో మూడు నెలలు! మిగతా 33 నెలలు పెద్దాసుపత్రిలో నేర్చుకుని, చుట్టం చూపుగా జిల్లాకొచ్చి పోతే పల్లె రోగం తెలుస్తుందా?

ఇంకో చేదు నిజం ఉంది. మన ప్రభుత్వ కాలేజీల్లో చదివిన తెలుగు డాక్టర్లు ఎంతోమంది అమెరికా పోయి రెసిడెన్సీ చేస్తున్నారు. ఫ్యామిలీ మెడిసిన్‌లో విదేశాల్లో చదివినవాళ్లకు అక్కడ సీట్లు దొరుకుతాయి. 2020 విలీనంతో అంతకుముందు డి.ఓ.లకే ఉన్న రెసిడెన్సీలకు కూడా వీళ్లు దరఖాస్తు పెట్టే వీలు కలిగింది. జె-1 వీసా మీద శిక్షణ పొందినవాళ్లు రెండేళ్లు స్వదేశానికి తిరిగిపోవాలి, లేదంటే డాక్టర్లు చాలని ప్రాంతంలో మూడేళ్లు పనిచెయ్యాలని అమెరికాలో 1994 నుంచి ఏర్పాటు ఉంది. అంటే అమెరికా పల్లెకు డాక్టరు కావాలంటే అమెరికా చట్టం చేసుకుంది. మన కూలీ కట్టిన పన్నుతో చదివిన పిల్లవాడు అక్కడి పల్లెలో మూడేళ్లు కట్టుబడి పనిచేస్తాడు. ఇక్కడి పల్లెకు అట్లాంటి కట్టుబాటు అడిగితే మాత్రం ప్రతిభావంతుల స్వేచ్ఛ గుర్తుకొస్తుంది.

రెండో గ్లాసు మాకొద్దు

ఇక్కడొక మోసం గురించి హెచ్చరించాలి. డాక్టర్లు పల్లెకు రారు గనక పల్లెకు మూడున్నరేళ్ల చదువు చదివిన చిన్న డాక్టరును పంపుదాం అని 2010లో ఢిల్లీలో ఒక ఆలోచన చేశారు. పల్లె వైద్యానికి విడిగా ఒక పట్టా పెడతామన్నారు. వినడానికి జాలిగానే ఉంటుంది. కానీ ఆ చిన్న డాక్టరు దగ్గరికి మంత్రి పోతాడా? కలెక్టరు పోతాడా? పోడు. టీ కొట్టులో మనకొక గ్లాసు, ఊరికొక గ్లాసు పెట్టినట్టే ఇది. రెండో గ్లాసు తీసెయ్యాలని కొట్లాడినవాళ్లం, రెండో రకం డాక్టరును ఒప్పుకోం.

అట్లాగని రెండు గ్లాసులు తీసేసి, కొట్టే మూసేస్తామన్నా ఒప్పుకోం. 1946లో జరిగింది అదే. నాసిరకం వద్దన్నారు, ఉన్నదీ లేకుండా చేశారు. మనకు కావాల్సింది ఒకటే స్థాయి, ఎన్నో తలుపులు. పరీక్ష ఒకటి ఉండనీ, పట్టా ఒకటి ఉండనీ. నేర్చుకునే చోట్లు మాత్రం ఏరియా ఆసుపత్రి దాకా, పీహెచ్‌సీ దాకా రావాలి. ఆ చోట్లలోకి పోయే పిల్లల్లో మన పిల్లలు ఉండాలి.

మన పిల్లలు అంటే ప్రతిభ మాట తీస్తారు. వాళ్లకు ఒకటే చెప్తాం. వాడలో పుట్టినవాడికి వాడ రోగం ఎవరూ చెప్పక్కర్లేదు. డ్రైనేజీలో దిగినవాడి దగ్గు, పొగాకు బ్యారనులో పనిచేసిన అమ్మ తలనొప్పి, పురుగుమందు కొట్టి వచ్చిన నాన్న వాంతి వాడు చిన్నప్పుడే చూశాడు. ఆ తెలివి మీద మూడేళ్ల శాస్త్రం కలిస్తే ఎట్లాంటి డాక్టరవుతాడో ఊహించండి.

అయితే ఆ మూడేళ్లు వాడు ఎట్లా బతుకుతాడు అనేది కూడా మన బాధ్యతే. పీజీలో పైన పెద్ద డాక్టరు, కింద చిన్న డాక్టరు. డ్యూటీ వేసేది పైవాడు, ఆపరేషన్ నేర్పేదీ నేర్పనిదీ పైవాడు, మార్కులు వేసేదీ పైవాడే. ఢిల్లీ ఎయిమ్స్‌లో కుల వివక్ష మీద 2006లో సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన కమిటీ వేశారు. వివక్ష ఉందని ఆ కమిటీ మరుసటేడు నివేదిక ఇచ్చింది. 2019 మే నెలలో ముంబైలో పాయల్ తడ్వీ అనే ఆదివాసీ పీజీ డాక్టరు ఉరి వేసుకుంది. సీనియర్ల కుల వేధింపులే కారణమని కుటుంబం కేసు పెట్టింది. సీటు వస్తే సరిపోదు. సీట్లో కూర్చోనివ్వాలి.

మనం అడిగేది

1. ఏ వైద్య శిక్షణను దేనిలో కలిపినా, కలిపేముందే చిన్నచోట్లకు ఏమవుతుందో ఆ ఊళ్లోనే బహిరంగంగా చెప్పాలి. మూసే చోటుకు బదులు ఏమిస్తారో రాసివ్వాలి.

2. ప్రతి ప్రభుత్వ వైద్య కళాశాలలో ఫ్యామిలీ మెడిసిన్ శాఖ పెట్టాలి. ఎం.డి., డి.ఎన్.బి., డిప్లొమా మూడింటినీ ఒకే నిచ్చెనగా కలపాలి. రెండేళ్లు చేసినవాడు పనిచేస్తూనే మూడో ఏడు పూర్తిచేసుకునే దారుండాలి.

3. మొదటి ఏడాది బోధనాసుపత్రిలో, మిగతా రెండేళ్లు ఏరియా ఆసుపత్రి, సామాజిక ఆరోగ్య కేంద్రం, పీహెచ్‌సీల్లో శిక్షణ ఉండాలి. అక్కడ బోధకులకు ఇళ్లు, జీతం, హోదా ఇవ్వాలి.

4. ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా, ప్రైవేటు ఆసుపత్రిలోనైనా ప్రతి శిక్షణ సీటులో ఎస్సీ, ఎస్టీ, బీసీల వాటా ఉండాలి. శిక్షణను గుర్తించే, పరీక్షలు పెట్టే బోర్డుల్లో కూడా మనవాళ్లు ఉండాలి. తాళంచెవి ఎవరి దగ్గరుందనేదే అసలు సంగతి.

5. పీజీల్లో కుల వివక్ష ఫిర్యాదులు వినడానికి ఆ కాలేజీతో సంబంధం లేని కమిటీ ఉండాలి.

6. శిక్షణ పూర్తయిన ఫ్యామిలీ డాక్టరుకు పీహెచ్‌సీలో స్పెషలిస్టు హోదాతో, జీతంతో శాశ్వత పోస్టు ఇవ్వాలి. పోస్టు లేని చదువు ఎవరు చదువుతారు?

ఇవి ఢిల్లీకి రాసే అర్జీలో ఉండాల్సిన మాటలే అనుకోవద్దు. పని ఊళ్లోంచే మొదలుపెట్టొచ్చు. మీ పీహెచ్‌సీ కింద ఎన్ని ఊళ్లున్నాయి, ఎంత జనం ఉన్నారు లెక్క తీయండి. మైదానంలో 30 వేల మందికి, ఏజెన్సీలో 20 వేల మందికి ఒక పీహెచ్‌సీ ఉండాలని సర్కారు కొలతే చెప్తుంది. డాక్టరు పోస్టులెన్ని, నిండినవెన్ని, డాక్టరు ఎన్నింటికొచ్చి ఎన్నింటికి పోతున్నాడు, వాడలోకి ఎన్నిసార్లు వచ్చాడు రాసిపెట్టండి. ఆశా వర్కరును, ఏఎన్నెమ్మునూ కూర్చోబెట్టి అడగండి, వాళ్లకు తెలియంది లేదు. ఆ కాయితం పట్టుకుని మండల మీటింగులో నిలబడండి. మన చదువుకున్న పిల్లలకు ఫ్యామిలీ మెడిసిన్ అనే దారి ఉందని చెప్పండి. డాక్టరంటే గుండె డాక్టరే అనుకునే మన ఆలోచన కూడా కొంచెం మారాలి.

కలవడానికి మనం ఎప్పుడూ వ్యతిరేకం కాదు. ఊరితో కలిసి బతకాలని అడుగుతున్నది మొదట్నుంచీ మనమే. గుడిలోకి, బడిలోకి, బావి దగ్గరికి రానియ్యనిది ఎవరో లోకానికి తెలుసు. మనం కాదనేది వాటా లేని విలీనాన్ని. మన చిన్న తలుపు మూసి, మీ పెద్ద తలుపు తెరవని విలీనాన్ని. ముందు దస్తావేజు రాయండి, తర్వాత కలుద్దాం.

జై భీమ్!